సడ్డకుడి గాడీ

వెంకటేశానికి అసూయ పుట్టుకతో వచ్చింది కాదు, పెండ్లితో వచ్చింది. అదైనా తన పెండ్లితో కాదు, మరదలి పెండ్లితో.

అంతకు ముందు ఏడేండ్ల పాటు ఖైరతాబాద్‌లో లక్ష్మీనర్సమ్మ గారింటికి ఆయన ఒక్కడే అల్లుడు. ఆమెకు మగపిల్లలు లేరు, భర్త పోయి చాలా కాలమైంది. ఉన్నది ఇద్దరు బిడ్డలు, అహల్య, పద్మ. అహల్యను చేసుకున్న వెంకటేశానికి ఆ ఇంట్లో పీట వేరు, మర్యాద వేరు, మొదటి వడ్డన ఆయనదే. గోడలకు సున్నం వేయించాలన్నా, బావిలో పూడిక తీయించాలన్నా "పెద్దల్లుణ్ణి అడగాలె" అనేది అత్తగారు. అప్పటికి చిన్నల్లుడంటూ ఎవరూ లేరు గనక ఆ 'పెద్ద' అనే మాట వ్యాకరణ రీత్యా అనవసరం. అయినా ఆమె అనేది, ఆయన వినేవాడు, ఇద్దరికీ తృప్తిగా ఉండేది.

కచేరీలో ఆయనకు అంత వైభవం లేదు. నాంపల్లిలో ఒకానొక చిన్న ఫౌజుదారీ కచేరీలో, అంటే నేరాల కోర్టులో, తర్జుమా గుమాస్తా. పోలీసు చర్య జరిగి నాలుగేండ్లు కావస్తోంది. కచేరీలోంచి ఉర్దూ మెల్లగా పోతోంది, ఇంగ్లీషు అంతకన్నా మెల్లగా వస్తోంది. పోయేదానికీ వచ్చేదానికీ నడుమ ఒక కుంటి బల్ల వేసుకొని కూర్చున్నవాడు వెంకటేశం. పొట్టి మనిషి, గుండ్రటి అక్షరం, నల్ల సైకిలు. రోజుకు నాలుగు కాగితాలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దాటించి, సాయంత్రం ఇంటికి పోయి కాళ్ళు కడుక్కునేవాడు. ఎవరి మీదా ఏ కంప్లయింటూ లేదు.

అప్పుడు పద్మకు రామచందర్‌తో పెండ్లయి, వెంకటేశానికి ఒక సడ్డకుడు, అంటే తోడల్లుడు, వచ్చాడు.

రామచందర్‌కు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణం. ఆరడుగుల మనిషి. నవ్వితే వీధి చివరికి వినపడేది. ఇవన్నీ వెంకటేశం క్షమించగలిగాడు. క్షమించలేనిది టాంగా. కిరాయి టాంగా కాదు, సొంతది. ఇత్తడి కమ్ముల దీపాలు, ఎర్ర రెక్సిను సీటు, దానికి ముందు బుల్‌బుల్ అనే తెల్ల ఆడగుర్రం. ఆ గుర్రానికి నడక తెలియదు. పుట్టినప్పుడు ఎవరో నేర్పడం మరచిపోయినట్టున్నారు.

లక్ష్మీనర్సమ్మ గారు నెలనెలా మొదటి ఆదివారం అల్లుళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచేది. బిడ్డలు ముందురోజే చేరేవారు. ఆమెకో నియమం ఉంది. "వచ్చిన మనిషిని ఆకలితోని కూసోబెట్టొద్దు. ఎవలొస్తే వాళ్ళకు ముందుగాల పెట్టాలె." చూడటానికి ఇందులో పక్షపాతం కనపడదు. కానీ నాంపల్లి నుంచి సైకిలు తొక్కేవాడికీ, ఉస్మాన్‌గంజ్ నుంచి బుల్‌బుల్ లాక్కొచ్చేవాడికీ ఒకే నియమం పెట్టడంలో ఎంత అన్యాయముందో ఆమెకు చెప్పేవారెవరు? వెంకటేశం లక్డీకాపూల్ చేరేసరికి వెనక గంట వినపడేది. ఆ తర్వాత దుమ్ము. దుమ్ములోంచి ప్రేమగా ఒక గొంతు.

"అన్నా, నిమ్మళంగ రా. నువ్వొస్తున్నవని నేను పోయి చెప్త."

వెంకటేశం అలా చెప్పబడినవాడై ఇల్లు చేరేసరికి రామచందర్ చేయి కడుక్కుంటూ ఉండేవాడు.

"రా అన్నా. ఇయ్యాల పప్పు మస్తున్నది. నీ కోసమని జర ఇడిచిపెట్టిన."

ఆ 'ఇడిచిపెట్టిన' అన్న మాట వెంకటేశం గొంతులో పప్పు కన్నా ముందు దిగేది, పప్పు తర్వాత కూడా అరిగేది కాదు. ఒక నెల ఆయన తెల్లవారుతూనే బయలుదేరాడు. వెళ్ళి చూస్తే రామచందర్ ముందురోజు సాయంత్రమే పద్మతో పాటు వచ్చి, అరుగు మీద పండ్లు తోముకుంటున్నాడు. ఇంకో నెల సైకిలు గొలుసుకు నూనె పట్టించాడు. ఆ నూనె ఆయన ధోవతికి అంటింది, వేగానికి అంటలేదు. మెల్లమెల్లగా అత్తగారి నోట 'పెద్దల్లుడు' అన్న మాట తగ్గింది. పూడిక సంగతి చిన్నల్లుణ్ణి అడగడం మొదలైంది. పూడిక తీసేవాళ్ళను ఆయన టాంగాలో తెచ్చేవాడు గనక.

చెప్పుకోవడానికి ఇది చిన్న సంగతి. వెంకటేశానికి మాత్రం ఆ ఇంట్లో తన స్థానం తప్ప లోకంలో ఎక్కడా స్థానమనేది లేదు. అదొక్కటీ ఎవరో నవ్వుతూ తీసుకుపోతుంటే నవ్వుతూ చూడాలి. అదే ఆయన కష్టం.

ఇంతలో సర్కారు ఆయనకు సాయం వచ్చింది.

ఆ రోజుల్లో జాగీర్లు పోయి మోటార్లు మాత్రం మిగిలిన కొందరు పడుచువాళ్ళు నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ చౌరస్తా దాకా మోటార్ల పందేలు వేసేవారు. జనం గోడలకు అతుక్కొని నడిచేవారు. పట్టుబడితే పాత కానూను ప్రకారం రెండు రూపాయల జుల్మానా. దాన్ని వాళ్ళు ముందే చేతిలో పట్టుకొని వచ్చేవారు. లాభం లేదని పైనుంచి కొత్త నిబంధన వచ్చింది. మోటారుతో రహదారి మీద పందెం వేసినా, మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా తోలినా నెల దాకా ఖైదు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం ఒకే ఒక ప్రతి కచేరీకి వచ్చింది. దాన్ని ఉర్దూ, తెలుగుల్లోకి దించి, అచ్చు వేయించి, ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా స్తంభాలకు అంటించాలని హుకుం.

పెద్ద గుమాస్తా శ్రీపతి ఆ కాగితాన్ని వెంకటేశం ముందు పెట్టాడు.

"చూడు వెంకటేశం, గిది మంచిగ చేసినవంటే పక్కా తర్జుమాదారు నౌకరి నీకే రాయిస్త. తాళం సొరుగున్న మేజ ఇస్తరు."

సొరుగూ, దానికి తాళమూ వెంకటేశం చాలా కాలంగా కలగంటున్నవే. శనివారం కూర్చొని శ్రద్ధగా రాశాడు. మోటారు అన్నచోట మోటారు అనే రాశాడు. మరునాడు మొదటి ఆదివారం.

ఆ ఆదివారం లక్డీకాపూల్ దగ్గర ముందురోజు కురిసిన వాన నీరు నిలిచి ఉంది. బుల్‌బుల్ ఆ నీటిని తప్పించుకోలేదు, వెంకటేశం తప్పించుకోలేకపోయాడు. చాతీ దాకా బురదతో అత్తగారింట్లో అడుగుపెట్టిన ఆయనకు రామచందర్ స్వయంగా తువ్వాల అందించాడు. తన ధోవతి ఒకటి ఇచ్చాడు. ఆరడుగుల మనిషి ధోవతి కట్టుకొని వెంకటేశం రెండో వడ్డన తిన్నాడు. పద్మ అటు తిరిగి నవ్వింది. అహల్య ఇటే చూస్తూ నవ్వింది.

సోమవారం కచేరీకి పోయి మోటారు అన్న మాటను అడ్డంగా కొట్టి, పైన 'గాడీ' అని రాశాడు.

రాశాక చాలాసేపు దాన్ని చూస్తూ తనకు తాను న్యాయం చెప్పుకున్నాడు. మోటారును జనం ఏమంటారు? గాడీ అంటారు. డ్రైవరు ఏం తీశానంటాడు? గాడీ తీశానంటాడు. తర్జుమా అనేది జనానికి అర్థం కావాలి కదా. రామచందర్ టాంగాను కూడా జనం గాడీ అంటారంటే దానికి తర్జుమాదారు ఏం చేయగలడు? శ్రీపతి అక్షరాలు గుండ్రంగా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాడు. కాగితాలు స్తంభాలకెక్కాయి.

ఆబిడ్స్ చౌరస్తాలో గొడుగు కింద నిలబడే కానిస్టేబుల్ భూమయ్య నిజాయితీపరుడు. ఉన్నది ఉన్నట్టు చదివి, చదివింది చదివినట్టు చేసేవాడు. మొదటి వారంలోనే అరటిపండ్ల బండిని పల్లానికి వదిలేసినవాణ్ణీ, ఒకరినొకరు దాటబోయిన ఇద్దరు రిక్షావాళ్ళనూ కచేరీకి తెచ్చాడు. అవీ గాడీలే. బాగేఆం తోటలో పిల్లల గాడీ తోసుకుంటూ పోయే ఒక ఆయా, దీనికి పరవానగీ కావాలా అని చౌకీలో అడిగి పోయింది. స్టేషన్ ముందు కూలీలకు ఇంకో అనుమానం వచ్చింది.

"మద్రాసు మెయిలు గూడ గాడే గద. గది మస్తు జోరుగొస్తది. దాన్నెవలు పట్టాలె భూమన్నా?"

"గది టేషన్ లోపట," అన్నాడు భూమయ్య, చాలా ఆలోచించి. "బైటికొస్తే పడ్త."

మేజిస్ట్రేటు సాబు చిన్నవాళ్ళను మందలించి పంపిస్తూ వచ్చాడు. వెంకటేశం మాత్రం ఆబిడ్స్ వచ్చేసరికి సైకిలు దిగి, దాన్ని చేత్తో పట్టుకొని నడిచేవాడు. తను రాసిన మాటకు ముందుగా భయపడినవాడు తనే.

ఆయన ఎదురుచూసింది సీతాఫలాల రోజుల్లో జరిగింది. బేగంబజార్ నేతి వర్తకుడొకడు తన గుర్రం గురించి ఏదో అన్నాడు, రామచందర్ బుల్‌బుల్ గురించి ఏదో అన్నాడు. ఒక ఉదయం రెండు టాంగాలూ నాంపల్లి స్టేషన్ ముందు పక్కపక్కన నిలబడ్డాయి. ఆబిడ్స్ దగ్గర మలుపులో బుల్‌బుల్ గెలిచింది, సీతాఫలాల గంప ఓడింది. గంప పక్కన కూర్చున్న పోశవ్వ కాలు బెణికింది. నేతి వర్తకుడు ఆగకుండా పోయాడు. రామచందర్ ఆగాడు. రోడ్డు మీద పండ్లన్నీ ఏరి, పోశవ్వను ఎత్తి టాంగాలో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయి, తిరిగి వచ్చి భూమయ్య ముందు నిలబడ్డాడు. భూమయ్య ఆయన మీదే కేసు రాశాడు.

"ఇంకో టాంగ ఏమాయె?" అని శ్రీపతి అడిగితే భూమయ్య నిష్పక్షపాతంగా చెప్పాడు.

"ఆగినోన్నే గద సార్ పట్టేది. ఆగనోన్ని ఎట్ల పడ్తం?"

కేసు కాగితం తన బల్ల మీదికి వచ్చిన రోజు వెంకటేశం దారిలో ఎక్కడా సైకిలు దిగకుండా, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు. ఈల ఇంటి గడప దాకానే సాగింది.

"ఇగో, ఇంటున్నరా," అంది అహల్య. "మా మరిదికి నెల ఖైదు పడ్తదట గద. మీరు కచేరీల ఉండి ఎందుకు మరి? జర ఇడిపియ్యరాదున్రి."

వెంకటేశం టోపీ తీసి మేకుకు తగిలించాడు. అంతటి గంభీరమైన పని ఆ టోపీకి అదివరకు జరగలేదు.

"చట్టం ముందట సడ్డకుడు లేడు, బామ్మర్ది లేడు."

"లేకుంటే లేకపాయె. అమ్మ ఉన్నది. రేపొస్తదట."

లక్ష్మీనర్సమ్మ గారు మరునాడు రిక్షాలో వచ్చింది. వస్తూనే పెద్దల్లుణ్ణి అడిగిన మొదటి ప్రశ్న న్యాయశాస్త్రానికి సంబంధించింది కాదు.

"అల్లుడా, జైల్ల సన్నబియ్యం పెడ్తరా?"

"పెట్టరత్తమ్మా."

"అయితే క్యారియర్ నేనే కట్కపోత. దినాం పోత. రొండు పూటల పోనిస్తరా?"

ఆమె కండ్లు ఒత్తుకుంటుందని వెంకటేశం అనుకున్నాడు. ఆమె వేళ్ళ మీద కూరలు లెక్కపెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, ఒక రహస్యం చెబుతున్నట్టు అంది.

"మా ఎనకింటాయన ఆర్నెల్లు జైల్ల ఉండొచ్చిండు, యాదున్నదా? అప్పుడు అందరు నవ్విన్రు. గిప్పుడు గాయన అసెంబ్లీల కూసుంటున్నడు. ఇంటి ముందట మోటరు నిలవడ్తది."

"ఆయన దేశం కోసం పోయిండత్తమ్మా. గీయన గుర్రం కోసం పోతున్నడు."

"జైలు జైలే గద బిడ్డా," అంది లక్ష్మీనర్సమ్మ గారు.

ఆ మాటలో వెంకటేశానికి ఒక ముప్పుంది. అదేమిటో అప్పటికి గుర్తుపట్టలేదు.

ఉస్మాన్‌గంజ్ గుర్తుపట్టింది. బెల్లం వాళ్ళూ చింతపండు వాళ్ళూ తీర్పు రోజున ఒక పూట దుకాణాలు మూయాలని తీర్మానించారు. బ్యాండు మాట్లాడారు. జామీను మీద బయట ఉన్న రామచందర్ ఆ వారమంతా పెండ్లికొడుకులా తిరిగాడు. ఒక సాయంత్రం వెంకటేశం ఇంటికే వచ్చి, ఇరుకు అరుగు మీద మోకాళ్ళు మడుచుకొని కూర్చున్నాడు.

"అన్నా, నిజం చెప్తున్న. పోశవ్వ కాలుకు నా పానం మస్తు బాధయింది. గది నా తప్పే. శిక్ష పడాలె. గానీ జైలంటే నాకు ఫికర్ లేదు. మా ఖాందాన్ల ఎవ్వలు పోలె. నసీబ్ అంతే."

"భయం గిట్ల లేదా?" అన్నాడు వెంకటేశం. ఉంటుందేమోనని చివరి ఆశ.

"భయమెందుకే? నువ్వు లేవా కచేరీల? జైల్ల ఏం తెల్వకపోతే నీకే చిట్టి రాస్త."

అతడు వెళ్ళాక అహల్య గడపలోనే నిలబడి టాంగా దీపాలు కనుమరుగయ్యేదాకా చూసింది. "మనిషంటే గట్లుండాలె," అంది. ఎవరితో అన్నదో చెప్పలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

తీర్పు రోజున కచేరీ వరండా నిండిపోయింది. మేజిస్ట్రేటు సాబు పెద్దవాడు, నిదానస్తుడు. చట్టమంతా ఉర్దూలో చదివి, రిటైరయ్యే ముందు దాన్ని ఇంగ్లీషులో మళ్ళీ చదవాల్సి వచ్చిన దురదృష్టవంతుడు. ఆయన మాట్లాడేది ఉర్దూనే. ఇక్కడ తెలుగులో ఉన్నది వెంకటేశం తర్జుమా కాదు గనక నమ్మవచ్చు.

భూమయ్య చూసింది చెప్పాడు. ముద్దాయి తరపున వకీలు ఇంద్రసేన లేచి, పరుగెత్తింది గుర్రమే గాని తన మనిషి కాదనీ, ఆ సమయంలో తన మనిషి కదలకుండా కూర్చొని ఉన్నాడనీ, కదలకుండా కూర్చోవడం ఏ చట్టంలోనూ నేరం కాదనీ అరగంట వాదించాడు. రామచందర్ మధ్యలో, "వకీల్ సాబ్, నేనే తోలిన," అని సర్దిచెప్పాడు.

పోశవ్వ కర్ర ఊతతో వచ్చి నిలబడింది.

"గీ అయ్య మంచోడే. ఎత్తుకొని దవాఖానకు తోల్కపోయిండు, కాదన్న. గానీ దొరా, నేను కూసున్నది తొవ్వ మీద గాదు, తొవ్వ పక్కపొంటి. ఆళ్ళ పందెం ఆళ్ళు ఆడుకోవచ్చు. నా కాలు ఎందుకొచ్చింది నడుమ? గీ తొవ్వ నాది గూడ గద."

రామచందర్ తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడంలో కూడా ఒక అందముందని వెంకటేశం గమనించాడు.

నేరం రుజువైంది. ఇక శిక్ష. ఖైదు వేసేటప్పుడు నిబంధనను ఇంగ్లీషు అసలులోంచి చదివి వినిపించాలని కొత్త ఆనవాయితీ. మేజిస్ట్రేటు సాబు చదవమన్నట్టు వెంకటేశం వైపు చేయి చూపాడు. శ్రీపతి అల్మారా తెరచి ఆ ఒక్క ప్రతినీ ఆయనకు అందించాడు. వెంకటేశం లేచి నిలబడ్డాడు.

గబగబా చదివేస్తే చాలు. ఆ కచేరీలో ఇంగ్లీషు వినగానే అందరూ గౌరవంగా వినడం మానేస్తారని ఆయనకు తెలుసు. మోటారు అన్న మాటను నోట్లోనే నమిలితే సడ్డకుడు నెల రోజులు లోపలికి, తాళం సొరుగు తన పేరు మీదికి. గొంతు సవరించుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు.

వరండా మెట్ల కింద బ్యాండు వాళ్ళు బూరలు తుడుచుకుంటున్నారు. చామంతి దండలు వెదురు బుట్టల్లో ఉన్నాయి, రెండు బుట్టలు. వాటి పక్కన నాలుగు గిన్నెల క్యారియర్ ఒళ్ళో పెట్టుకొని లక్ష్మీనర్సమ్మ గారు. ఆమెకు చెరో పక్కా పద్మా అహల్యా. ముగ్గురి ముఖాల్లోనూ ఏడుపు ఉంది, కాని అది తిరునాళ్ళకు పోయే ముందటి ఏడుపు.

వెంకటేశానికి తన ముందున్న జీవితమంతా అక్కడ, గుండ్రటి అక్షరాలతో రాసినట్టు కనిపించింది. నెలకు అరవై క్యారియర్లు. వాటిలో తన అత్తగారు తనకు ఎన్నడూ వండి పెట్టని కూరలు. నెల తర్వాత నాంపల్లి గుండా ఊరేగింపు. ఆ తర్వాత ప్రతి మొదటి ఆదివారం, చచ్చేదాకా, జైలు కథ. జైల్లో తెల్లవారుజామున గంట ఎలా కొడతారో, బువ్వలో రాళ్ళు ఎన్నుంటాయో, జమేదారు రామచందర్‌కు ఎలా సలాం చేశాడో. తన విస్తరి ముందు అత్తగారు గరిటె చేతిలో పట్టుకొని ఆగి వింటుంది. ఆమె వినడం అయ్యేదాకా తను పొడి అన్నం ముందు కూర్చోవాలి. ఇంకో పదేండ్లకు ఏమో, ఆ ఇంటి ముందు మోటారు.

టాంగా వరకూ భరించాడు. జైలు కూడా వాడికేనా?

"హుజూర్," అన్నాడు, "ఒక అర్జు."

"చదువు ముందు."

"చదివితే అర్జు పనికిరాదు హుజూర్. అసలులో గాడీ లేదు. మోటారు ఉంది. మోటారు మాత్రమే."

మేజిస్ట్రేటు సాబు కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మరి గాడీ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నా దగ్గర్నుంచి హుజూర్."

"తెలియక రాశావా, తెలిసి రాశావా?"

ఏ జవాబు చెప్పినా మునిగేదే. వెంకటేశం నిజానికి దగ్గరగా ఉండే ఒక మూలకు జరిగాడు.

"నాంపల్లిలో అందరూ గాడీ అంటారు హుజూర్."

"నాంపల్లిలో రైలును కూడా గాడీ అంటారు," అన్నాడు మేజిస్ట్రేటు సాబు. "దాన్నీ నా ముందుకు తెచ్చేవాడివేనా?"

భూమయ్య నేల చూపులు చూశాడు.

తీర్పు అయిదు నిమిషాల్లో అయిపోయింది. టాంగాకు కొత్త నిబంధన వర్తించదు గనక పాత కానూను ప్రకారం రెండు రూపాయల జుల్మానా. పోశవ్వ కాలు నయమయ్యేదాకా మందు ఖర్చూ, గంప నష్టమూ ముద్దాయిదే. మళ్ళీ ఆ రోడ్డు మీద గుర్రం పరుగెత్తితే టాంగా జప్తు. తర్జుమాదారు విషయంలో శిక్ష ఇంకొంచెం ఆలోచించి వేశాడు. వెంకటేశాన్ని నకళ్ళ విభాగానికి మార్చాలి. అంతకు ముందు ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఏ ఏ స్తంభం మీద గాడీ అన్న మాట ఉందో, దాని మీద మోటారు అనే చీటీని ఆయన స్వహస్తంతో అంటించాలి. శ్రీపతి సొరుగు తాళంచెవిని చప్పుడు కాకుండా జేబులో వేసుకున్నాడు.

వరండాలోకి వస్తూనే రామచందర్ వెంకటేశాన్ని కావలించుకున్నాడు. వెంకటేశం కాళ్ళు నేలను వదిలాయి.

"అమ్మా, సూసినవా?" అన్నాడు రామచందర్ అత్తగారితో. అతని కండ్లల్లో నిజమైన నీళ్ళు. "నా కోసమని నౌకరి పోగొట్టుకున్నడు అన్న. తప్పు మీదేసుకున్నడు. సొంత అన్న గూడ గిట్ల చెయ్యడు."

అహల్య భర్త వైపు చూసిన చూపు ఆయన పెండ్లయినప్పటి నుంచి ఎదురుచూసిందే. లక్ష్మీనర్సమ్మ గారు అక్కడే మెట్ల మీద కొంగుతో దుమ్ము తుడిచి, క్యారియర్ మూత తీసి, జైలు కోసం వండిన వంకాయ కూరా, గారెలూ, సన్నబియ్యం అన్నమూ మూతలోనే పెట్టి ముందుగా ఆయనకు అందించింది.

"తిను పెద్దల్లుడా. పొద్దటి నుంచి ఏం తినలేదట."

పక్కన రామచందర్ చెంబు పట్టుకొని, నీళ్ళు పోయడానికి సిద్ధంగా నిలబడ్డాడు. వెంకటేశం గారె తుంపి, నోట్లో పెట్టుకోకుండా, అతని ముఖంలోకి చూశాడు. ఇన్ని ఆదివారాల అనుభవంతో, అక్కడ చిన్న నీడైనా, ఒక్క గీతైనా, మింగలేని గుటకైనా ఉందేమో వెతికాడు. రామచందర్ సంతోషంగా ఉన్నాడు. దండల బుట్టలు వృథా పోకుండా ఒకటి పోశవ్వకు వేయించాడు, ఒకటి భూమయ్యకు. గారె చల్లగా ఉందని వెంకటేశానికి అప్పుడు తెలిసింది.

మరునాడు చీటీల కట్టా, మైదా లై జిగురు డబ్బా పట్టుకొని బయలుదేరబోతుంటే గడప ముందు టాంగా.

"ఎక్కన్నా. ఎండలేడ తిరుగుతవు? మెల్లగనే తోల్త. బుల్‌బుల్‌కు గూడ చెప్పిన."

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ దాకా ఆ గుర్రం పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నడిచింది. నడక కూడా దానికి బాగా కుదిరింది. ప్రతి స్తంభం దగ్గరా రామచందర్ పగ్గాలు లాగేవాడు, వెంకటేశం దిగి చీటీ అంటించేవాడు. దారిలో కనపడిన ప్రతివాడితోనూ రామచందర్ అదే చెప్పాడు. "మా అన్న. నా కోసమని నౌకరి ఇడుసుకున్నడు." ప్రతివాడూ సలాం చేశాడు. ఎక్కువమంది సలాం రామచందర్‌కే చేశారు, ఎత్తు మీద కూర్చున్నాడు గనక.

ఆబిడ్స్ చౌరస్తాలో పన్నెండో స్తంభం. భూమయ్య గొడుగు కిందినుంచి చూస్తున్నాడు. వెంకటేశం లై పూసి, గాడీ అన్న మాట మీద మోటారు చీటీని అదిమాడు. రామచందర్ సీటు మీదినుంచి తల వంచి చూశాడు.

"జర వంకరయింది అన్నా. తే, నేనంటిస్త."

దిగివచ్చి, ఆ పొడుగు వేళ్ళతో చీటీని ఊడదీసి, అంచులు చూసుకొని, ఒక్కసారి అద్ది వదిలాడు. వెంకటేశం నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. చీటీ గీత గీసినట్టు తిన్నగా ఉంది. స్టేషన్ నుంచి ఇక్కడిదాకా తను అంటించిన పదకొండూ వంకరగా ఉన్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.